బెంగళూరులో పైపు గ్యాస్ కనెక్షన్: వంటింటి వాల్వు నుంచి షేల్ బావి దాకా

తూర్పు బెంగళూరులోని మా అపార్టుమెంటుకు పైపు గ్యాస్ వచ్చి ఏడాది దాటింది. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, బెళ్ళందూరు ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారు కలిసినప్పుడల్లా ఈ కనెక్షన్ తీసుకోవచ్చా, బండ కంటే మేలా అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు నా అనుభవాన్నీ, అభిప్రాయాన్నీ ఒకచోట రాస్తున్నాను. ఒక ఇంధనం గురించి రాసేటప్పుడు మంట ఎలా ఉందో, బిల్లు ఎంత వస్తోందో చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టవుతుంది. అది ఏ నేలలోంచి, ఏ పద్ధతిలో, ఎవరి నీటిని ఖర్చు చేసి వచ్చిందో కూడా వాడేవారికి తెలియాలి. కోనసీమలో పుట్టి పెరిగి, చాలాకాలం కళాశాలలో రసాయనశాస్త్రం బోధించినదాన్ని కాబట్టి ఈ రెండో సగం మీద నాకు పట్టింపు ఎక్కువ.

ముందు సేవ సంగతి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పూర్తయింది. అపార్టుమెంటు సంఘం ఒప్పుకున్నాక గోడ వెంబడి పసుపు రంగు నిలువు గొట్టం వేసి, అక్కడి నుంచి ప్రతి ఇంటికీ ఒక పాయ తీసి, యుటిలిటీ బాల్కనీలో మీటరు, దాని పక్కన రెగ్యులేటరు, వంటింట్లో స్టవ్వుకు దగ్గరగా ఒక వాల్వు బిగించారు. మీటరు తెరవడానికి వచ్చిన కుర్రాడు కర్నూలు వైపు అబ్బాయి. ప్రతి అతుకు దగ్గరా సబ్బునీళ్ళు పూసి, బుడగ రావడం లేదని నాకు చూపించి, "మీరు కూడా ఒకసారి చూసుకోండమ్మా, చూశాకే సంతకం పెట్టండి" అన్నాడు. నా దృష్టిలో ఈ సేవలో అత్యంత విలువైన ఘట్టం అదే. పాత స్టవ్వునే ఉంచుకోవచ్చు, కాని బర్నర్ల జెట్‌లు మార్చాలి. బండలోని ఎల్.పి.జి. సుమారు 30 మిల్లీబార్ల పీడనంతో వస్తే, పైపు గ్యాస్ 21 మిల్లీబార్లతో వస్తుంది. పైగా ఒకే ఘనపరిమాణంలో దీని వేడి ఎల్.పి.జి.లో సగం కూడా ఉండదు. అందువల్ల జెట్ రంధ్రం పెద్దది కావాలి. ఆ పని కంపెనీ మనుషులే చేశారు. వీధిలో స్టవ్వులు బాగుచేసే వారి చేత రంధ్రం పెద్దది చేయించుకుంటే మంట పసుపు రంగుకు తిరుగుతుంది, గిన్నెలకు మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ముప్పు కూడా ఉంటుంది కాబట్టి అలా చేయవద్దు.

వంట విషయంలో ఫిర్యాదు లేదు. పెనం కాలడానికి మొదట్లో కొంచెం ఎక్కువసేపు పట్టినట్టు అనిపించినా, జెట్ సరిగ్గా బిగించాక దోసెలకూ పులుసుకూ తేడా కనిపించలేదు. పండగనాడు బూరెలు వేసేటప్పుడు మూకుడు పొయ్యి మీద ఉండగా బండ అయిపోవడమనే బెంగ తీరింది. మా పై అంతస్తులో ఒంటరిగా ఉండే నెల్లూరు పిన్నిగారికి బండ కదపనక్కరలేకపోవడమే పెద్ద ఉపశమనం. వాడిన తరువాతే బిల్లు వస్తుంది, మీటరు ఫొటో మనమే పంపవచ్చు. అసంతృప్తి ఒక్కచోటే: గొట్టం కోసం బాల్కనీ గోడకు రంధ్రం చేసిన ఉప గుత్తేదారు మనుషులు చుట్టూ సరిగ్గా పూడ్చకుండా వెళ్ళారు, వానలకు లోపలికి చెమ్మ దిగింది. పదే పదే అడిగితే గాని వచ్చి సరిచేయలేదు. పని జరుగుతున్నప్పుడు దగ్గరుండి చూసుకోవడం మంచిది.

భద్రత గురించి కొంత వివరంగా చెప్పాలి. పైపు గ్యాస్‌లో అధికభాగం మీథేన్. అది గాలి కంటే తేలిక కనుక లీకయితే పైకి లేచి కిటికీ పైభాగం గుండా పోతుంది, ఎల్.పి.జి. గాలి కంటే బరువు కనుక నేల మీద పరుచుకుని ఫ్రిజ్ కింద, గడప దగ్గర పేరుకుంటుంది. ఈ ఒక్క గుణం వల్ల ఇంట్లో పైపు గ్యాస్ మెరుగు అనడానికి నాకు సందేహం లేదు. అయితే వంటింటి పై వెంటిలేటరును అట్టముక్కతో మూసేస్తే ఆ మెరుగు పోతుంది. అసలు మీథేన్‌కు వాసన ఉండదు; మనకు తెలిసే కుళ్ళు వాసన అందులో కలిపిన మెర్‌కాప్టాన్ అనే గంధక రసాయనానిది. గొట్టపు జాలం బాగోగులు చూడకపోతే ఏమవుతుందో మా కోనసీమవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. అది పెద్ద పీడనంతో నడిచే రవాణా గొట్టం, మన ఇళ్ళకు వచ్చేది అతి స్వల్ప పీడనంతో వచ్చే పాయ. రెండింటినీ ఒకే గాటన కట్టి భయపడనక్కరలేదు. కాని ఏడాదికొకసారి అతుకుల తనిఖీ జరిగిందా లేదా అని అడగడం మన బాధ్యత.

ఇప్పుడు ఈ గ్యాస్ ఎక్కడిదన్న ప్రశ్నకు వస్తాను. బెంగళూరుకు గ్యాస్ తెచ్చే ప్రధాన గొట్టం మహారాష్ట్ర తీరంలోని దాభోల్‌లో మొదలై బెళగావి, దావణగెరె, తుమకూరు వైపుగా సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అది 2013లో పని మొదలుపెట్టింది. నగరంలో ఇళ్ళకు సరఫరా 2017 ప్రాంతంలో ఊపందుకుంది. దాభోల్‌లో ద్రవీకృత సహజవాయువు దింపుకునే రేవు ఉంది. కేంద్ర ప్రభుత్వరంగ గ్యాస్ సంస్థ గెయిల్ 2011 డిసెంబరులో అమెరికాకు చెందిన షెనియర్‌తో, లూయిజియానాలోని సబీన్ పాస్ నుంచి ఏడాదికి 35 లక్షల టన్నుల ద్రవీకృత వాయువును 20 ఏళ్ళపాటు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం కింద మొదటి ఓడ 2018 మార్చి చివరిలో వచ్చి చేరింది దాభోల్‌కే. సబీన్ పాస్ మొదట అమెరికాకు గ్యాస్ దిగుమతి చేసుకోవడానికి కట్టిన రేవు. షేల్ గ్యాస్ (లోతైన రాతిపొరను పగలగొట్టి తీసే వాయువు) వెల్లువెత్తడంతో దాన్ని ఎగుమతి రేవుగా మార్చారు. 2016 ఫిబ్రవరిలో అక్కడి నుంచి తొలి ఎగుమతి ఓడ బయలుదేరింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ప్రభుత్వ కేటాయింపుల లెక్క ప్రకారం ఇళ్ళకు వచ్చే పైపు గ్యాస్‌కు మన దేశపు పాత క్షేత్రాల్లో తీసే చౌక గ్యాస్‌లో మొదటి ప్రాధాన్యం ఉంది. కాబట్టి కాగితం మీద నా స్టవ్వులో మండేది స్వదేశీ వాయువే కావచ్చు. గొట్టంలో మాత్రం ఏ బావి అణువు ఎక్కడికి పోతుందో ఎవరూ విడదీయలేరు. ఒకచోట ఎక్కించి మరొకచోట దించుకునే సర్దుబాటు అది. చాలా ఏళ్ళపాటు దాభోల్‌లో అలల నుంచి రక్షణనిచ్చే అడ్డుకట్ట పూర్తికాక వానాకాలంలో ఓడలు ఆగలేకపోయేవి. ఆ నెలల్లో గుజరాత్‌లోని దహేజ్ వైపు నుంచి వచ్చే గ్యాస్ ఈ గొట్టంలో నడిచేది. దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం దిగుమతి. అందులో అమెరికా వాటా ఉంది. అమెరికా గ్యాస్‌లో సింహభాగం షేల్ నుంచి వస్తోంది. కనుక మనం ఆ బావుల వినియోగదారులం కామని అనుకోవడానికి వీల్లేదు.

షేల్ అంటే పలకలు పలకలుగా ఉండే బురదరాయి. మామూలు క్షేత్రాల్లో వాయువు పుట్టినచోటు నుంచి పైకి ఊరి, రంధ్రాలున్న ఇసుకరాయిలో చేరి, పైన గట్టి పొర అడ్డుపడితే అక్కడ నిలుస్తుంది. బావి తవ్వితే తనంతట తాను ఎగదన్నుతుంది. షేల్‌లో అది పుట్టిన రాయిలోనే చిక్కుకుపోయి ఉంటుంది. దాన్ని రాబట్టడానికి బావిని నిలువుగా కిలోమీటర్ల లోతుకు దించి, అక్కడ అడ్డంగా తిప్పి, ఆ పొర వెంబడి మరికొన్ని కిలోమీటర్లు పోనిచ్చి, విపరీతమైన పీడనంతో నీటిని, ఇసుకను, కొద్దిపాటి రసాయనాలను ఎక్కించి రాయిని పగలగొట్టాలి. పగుళ్ళు మూసుకుపోకుండా ఇసుకరేణువులు అడ్డుగా నిలుస్తాయి. టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో జార్జ్ మిచెల్ కంపెనీ ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, 1990ల చివర్లో ఖరీదైన చిక్కటి ద్రావణాల స్థానంలో ఎక్కువభాగం నీళ్ళే ఉన్న పలుచని ద్రావణంతో దీన్ని లాభసాటి చేసింది. ఆ తరువాత పెన్సిల్వేనియాలోని మార్సెలస్, లూయిజియానా సరిహద్దుల్లోని హేన్స్‌విల్ వంటి పొరలు ప్రపంచపు గ్యాస్ వ్యాపారాన్నే మార్చేశాయి.

దీనికి నేల చెల్లించిన మూల్యం రెండు మూడు రకాలు. ఒక్కో బావికి కోట్ల లీటర్ల నీరు కావాలి. అందులో కొంత లోపలే ఉండిపోతుంది; తిరిగి పైకి వచ్చేదానిలో లోతుల్లోని ఉప్పు, కొన్నిచోట్ల రేడియోధార్మిక పదార్థాలు కూడా కలిసి ఉంటాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2016 డిసెంబరులో వెలువరించిన తుది నివేదిక, ఈ ప్రక్రియలోని పనులు కొన్ని పరిస్థితుల్లో తాగునీటి వనరులను దెబ్బతీయగలవని తేల్చింది: నీరు తక్కువగా ఉన్నచోట తోడినప్పుడు, రసాయనాలు ఒలికినప్పుడు, బావి గోడల సిమెంటు సరిగ్గా లేనప్పుడు, వ్యర్థజలాన్ని సరిగ్గా పారబోయనప్పుడు. రాయి పగిలిన చోటు నుంచి విషం నేరుగా ఊరిబావిలోకి ఎగబాకుతుందన్నది జనంలో ఉన్న భయం. వాస్తవంలో ఎక్కువ ప్రమాదం నేల పైభాగానికి దగ్గరగానే, సిమెంటు పనిలోనూ వ్యర్థజలపు గుంటల నిర్వహణలోనూ ఉంది. ఈ తేడాను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది: పర్యవేక్షణ బలంగా ఉంటే ఆ ప్రమాదాల్లో చాలావాటిని తగ్గించవచ్చు, బలహీనంగా ఉంటే ప్రతి బావీ ఒక ముప్పే. వ్యర్థజలాన్ని లోతైన బావుల్లోకి ఎక్కించడం వల్ల ఓక్లహోమాలో భూకంపాలు పెరిగాయి. 2016 సెప్టెంబరు 3న పావ్నీ దగ్గర 5.8 తీవ్రతతో భూమి కంపించింది.

అయినా ఒక వంటింటి వినియోగదారుగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీథేన్ లీకు. బొగ్గుతో పోల్చి సహజవాయువు శుభ్రమైనదని అంటారు. విద్యుత్తు ఉత్పత్తిలో ఆ మాట నిజం, మండించేచోట కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగమే వెలువడుతుంది. కాని నా ఇంట్లో పైపు గ్యాస్ బొగ్గును తొలగించలేదు, ఎల్.పి.జి. బండను తొలగించింది. లెక్క ఆ రెండింటి మధ్యే వేయాలి. సుమారు ఒకటిన్నర బండ ఇచ్చే వేడికి, అంటే ఒక గిగాజౌలుకు, ఎల్.పి.జి. నుంచి 63 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పైపు గ్యాస్ నుంచి 56 కిలోలు. ఆదా 7 కిలోలు. అదే వేడికి కావలసిన మీథేన్ దాదాపు 20 కిలోలు. అందులో నూటికి ఒక వంతు, అంటే 200 గ్రాములు, బావి నుంచి వంటిల్లు చేరేలోగా మండకుండా గాలిలో కలిసిందనుకుందాం. నూరేళ్ళ కాలపరిమితిలో భూమిని వేడెక్కించడంలో మీథేన్ ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 30 రెట్లు. ఇరవై ఏళ్ళ పరిమితిలో 80 రెట్లు దాటుతుంది. మొదటి లెక్కన ఆ 200 గ్రాములే 6 కిలోలకు సమానం, ఆదా దాదాపు అంతా హరించుకుపోయినట్టే. రెండో లెక్కన 16 కిలోలు, అంటే ఆదా కంటే నష్టమే రెట్టింపుకు పైన. ఇరవై ఏళ్ళ లెక్కనే నేను ముందు పెట్టుకుంటాను, ఎందుకంటే ఇప్పుడు బడికి వెళ్ళే పిల్లలు పెద్దవాళ్ళయ్యే కాలం అదే.

ఒక శాతం అన్నది అతిశయోక్తి కాదు. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం అమెరికా చమురు, గ్యాస్ సరఫరా వ్యవస్థలో లీకు మొత్తం ఉత్పత్తిలో 2.3 శాతమని, అది ప్రభుత్వ అంచనా కంటే 60 శాతం ఎక్కువని చెప్పింది. దీనికి తోడు వాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి, ఘనపరిమాణాన్ని ఆరువందల వంతుకు కుదించి, ఓడలో సముద్రాలు దాటించడానికి అయ్యే శక్తి వేరే ఉంది. ఎల్.పి.జి.కి కూడా శుద్ధి కర్మాగారంలో, రవాణాలో ఉద్గారాలున్నాయి. వాటినీ కలపకపోతే పోలిక న్యాయం కాదు. దేశం వాడే ఎల్.పి.జి.లో సగానికి పైగా దిగుమతే. 2026కు సుమారు 22 లక్షల టన్నుల ఎల్.పి.జి.ని అమెరికా నుంచి తెప్పించే ఒప్పందాన్ని 2025 నవంబరులో ప్రకటించారు. ఎల్.పి.జి.లో ఒక ముఖ్యభాగమైన ప్రొపేన్ అమెరికాలో ఎక్కువగా ఆ షేల్ బావుల వెంటే వచ్చేది. కనుక బండకు తిరిగి వెళ్ళినంత మాత్రాన ఆ బావులతో సంబంధం తెగదు. లీకు తక్కువగా ఉన్న పాత స్వదేశీ క్షేత్రం నుంచి వచ్చిన పైపు గ్యాస్ ఎల్.పి.జి. కంటే మేలు, లీకు ఎక్కువగా ఉన్న షేల్ బావి నుంచి ద్రవీకరించి తెచ్చినది వాతావరణం దృష్ట్యా కీడే కావచ్చు. కనెక్షన్‌తో పాటు నాకిచ్చిన కరపత్రంలో హరిత ఇంధనం అని రాశారు. వెలువడే పొగ గురించి, ఇంటి గాలి గురించి ఆ మాట చెల్లుతుంది. భూతాపం గురించి, మూలం చెప్పకుండా ఆ మాట అనడం నాకు సమ్మతం కాదు.

దూరదేశపు సంగతి మనకెందుకన్న ప్రశ్న ఎదురవుతుంది. మన దేశంలోనూ ఈ వనరుల కోసం అన్వేషణ జరుగుతూనే ఉంది. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్ దుర్గాపూర్ దగ్గర ఓఎన్‌జీసీ తొలిసారి షేల్ నుంచి గ్యాస్ పైకి తెచ్చింది. 2016 నుంచి ఒకే లైసెన్సుతో మామూలు చమురు, గ్యాస్‌తో పాటు షేల్ గ్యాస్, బొగ్గుపొరల మీథేన్ అన్నీ వెతకవచ్చు. ఖంభాత్, కృష్ణా గోదావరి, కావేరి పరీవాహకాలు ఆ జాబితాలో ముందున్నాయి, మూడూ పంటభూములే. కావేరి డెల్టాలో మన్నార్‌గుడి ప్రాంతాన్ని 2010లో బొగ్గుపొరల మీథేన్ కోసం ఒక కంపెనీకి అప్పగించారు. బొగ్గుపొరను అంటిపెట్టుకున్న మీథేన్ విడిపోవాలంటే ముందు ఆ పొరలోని నీటిని నెలల తరబడి తోడి పీడనం తగ్గించాలి. వరి పండించే రైతుకు అది ఏం చెబుతుందో వేరే వివరించనక్కరలేదు. ప్రకృతి వ్యవసాయ ఉద్యమకారుడు నమ్మాళ్వార్ తన చివరి రోజుల్లో ఊరూరా తిరిగి చెప్పింది ఈ నీటి సంగతే. 2013 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. 2015లో తమిళనాడు ప్రభుత్వం ఆ పథకానికి అనుమతి నిరాకరించింది, 2020లో డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా చట్టం చేసింది. బెంగళూరులో కూర్చుని కావేరి నీళ్ళు తాగే మనకు ఆ డెల్టా పరాయిది కాదు.

మా గోదావరి వైపు కథ ఇంకా ముగియలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అదుపు తప్పి రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్ళు కూడా ఆకాశం ఎర్రగా ఉండేదని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది మామూలు గ్యాస్ బావే. మామూలు బావినే అదుపు చేయడం అంత కష్టమయినచోట, వందల సంఖ్యలో బావులు కావలసిన షేల్ పద్ధతిని కొబ్బరితోటల మధ్య, కాలువల పక్కన ప్రవేశపెట్టడాన్ని నేను సమర్థించలేను. సముద్రగర్భంలో మంచుగడ్డ రూపంలో ఉన్న మీథేన్, అంటే గ్యాస్ హైడ్రేట్లు, కృష్ణా గోదావరి తీరానికి దూరంగా 2006 అన్వేషణలో వంద మీటర్లు దాటిన మందంతో బయటపడ్డాయి. 2015లో మరోసారి తవ్వి చూశారు. వాణిజ్య ఉత్పత్తి ప్రపంచంలో ఎక్కడా మొదలు కాలేదు కాబట్టి దాని మీద ఇప్పుడే తీర్పు చెప్పడం తొందరపాటు.

ఇన్నీ చెప్పాక కనెక్షన్ తీసుకోవాలా వద్దా? ఇప్పటికే అపార్టుమెంటులో గొట్టం ఉన్నవారు, పెద్దవాళ్ళతో ఉంటున్నవారు, బండ మోయలేనివారు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఇంటి భద్రత, సౌకర్యం ఈ రెంటిలో ఇది బండ కంటే స్పష్టంగా మెరుగు. అయిదుకు నాలుగు ఇస్తాను. పర్యావరణానికి మేలు చేస్తున్నామన్న ఒక్క ఉద్దేశంతో మాత్రం తీసుకోవద్దు. ఆ కోణంలో, మూలం తెలిసేవరకు, రెండున్నరకు మించి ఇవ్వలేను. నేను చూసిన బిల్లుల్లో ఘనమీటర్లు, పన్నులు, గడువు తేదీ ఉన్నాయి. గ్యాస్‌లో స్వదేశీ ఎంత, దిగుమతి ఎంత, ఏ దేశం నుంచి, నగర గొట్టాల్లో లీకుల నష్టం ఎంత అన్నవి లేవు. ఈ నాలుగు అంకెలు ఏడాదికొకసారి ప్రకటించమని మా సంఘం తరఫున సరఫరా సంస్థకు ఉత్తరం పంపాము. మిగతా సంఘాలు కూడా అడిగితే బాగుంటుంది.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారికి, వంటిల్లు తిరగవేయించుకుంటున్నవారికి ఒక సూచన. పావగడలో 2,050 మెగావాట్ల సౌర పార్కు ఉన్న రాష్ట్రం ఇది. గాలిమరలూ తక్కువేం లేవు. పగటిపూట ఇక్కడి విద్యుత్తులో సౌరశక్తి వాటా గణనీయం. గ్యాస్ గొట్టంతో పాటు వంటగట్టు దగ్గర ఇండక్షన్ పొయ్యికి సరిపడే బరువైన వైరింగు, 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించుకోండి. మా ఇంట్లో మధ్యాహ్నం అన్నం, పప్పు, పాలు కాచడం ఇండక్షన్ మీదకు మారాయి. దోసె, పుల్కా, పోపు గ్యాస్ మీదే సాగుతున్నాయి. మీటరులో వాడకం బాగా తగ్గింది. ఇండక్షన్ మీద అల్యూమినియం గిన్నెలు పనిచేయవు, అడుగు చదునుగా ఉన్న ఇనుప లేదా అయస్కాంతం అంటుకునే స్టీలు పాత్రలు కావాలి. కొనేముందు అడుగున ఫ్రిజ్ అయస్కాంతం పెట్టి చూసుకోండి.